మూడో వానకు వచ్చే మనిషి

చిన్నప్పుడు బ్లెస్సీకి ఒక సంగతి అంతుపట్టేది కాదు. వాన మొదలైతే వీధిలో వాళ్ళంతా ఇళ్ళలోకి పరుగెత్తేవారు. రేకుల మొహిద్దీన్ గారు మాత్రం ఇంట్లోంచి బయటికి వచ్చేవారు.

ఏలూరులో వాళ్ళది పెంకుటిల్లు. వాసాల కొసలు కనిపించకుండా చూరు పొడుగునా ఒక తాటి పలక, దాని ముందు వాన నీళ్ళు పట్టే జింకు రేకు దోనె ఉండేవి. ఆ దోనె మొహిద్దీన్ గారి చేతి పని. ఏటా జూలైలో బాగా వాన పడుతున్న ఏదో ఒక పూట ఆయన సైకిల్ మీద వచ్చేవారు. గొడుగు ఉండేది గానీ దాన్ని తలకు కాక పనిముట్ల సంచికి పట్టేవారు. చూరు కింద నిలబడి తలెత్తి చూస్తూ, చెవి ఒగ్గి వింటూ, నిచ్చెన వేయించుకుని పైన ఏదో బిగించి దిగేవారు.

"ఎండ కాశాక రావచ్చుగా అండీ, జలుబు చేస్తుంది," అని బ్లెస్సీ అమ్మ సువర్ణ టీ గ్లాసు అందించేది.

"ఎండలో అన్ని ఇళ్ళూ బాగానే ఉంటాయమ్మా," అనేవారాయన.

ఒకసారి ఆయన భార్య ఫాతిమా గారు చర్చి దగ్గర కనిపించి సువర్ణతో మొర పెట్టుకుంది. "అందరి మొగుళ్ళూ వానకి పకోడీలు వేయమంటారండీ. మా ఆయన నిచ్చెన ఎక్కడుందంటాడు." అది విని బ్లెస్సీ వాళ్ళింట్లో వారం రోజులు నవ్వుకున్నారు.

మొహిద్దీన్ గారి నాన్న లాంతర్లు, గరాటాలు చేసేవారు. ఈయన బడిపిల్లల రేకు పెట్టెలతో మొదలుపెట్టి దోనెల్లోకి దిగారు. కొల్లేటికోటలో ఇళ్ళకి దోనెలు కట్టడానికి రేకులన్నీ పడవలో వేసుకుని వెళ్ళేవారట. చుట్టూ సరస్సు ఉన్నా తాగడానికి అక్కడివాళ్ళు వాన నీళ్ళే పట్టుకునేవారు. మొదటి వాన నీళ్ళు కప్పు కడగడానికి వదిలేసి, తర్వాతి వానవి కాగుల్లో నింపేవారు. ఆ తర్వాత ఊళ్ళన్నీ స్లాబ్ ఇళ్ళయ్యాయి. దోనెలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. చెరువుల్లో చేపలకి మేత వేసే రేకు చేటలు చేస్తూ ఆయన కొట్టు నడుపుకున్నారు.

ఇదంతా బ్లెస్సీకి మళ్ళీ గుర్తొచ్చింది భీమడోలులో, పిల్ల పడగ్గది గోడ చూసినప్పుడు.

బ్లెస్సీ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. కిందటేడు ఆమే, భర్త అనిల్ కుమారూ కలిసి పాత పెంకుటిల్లు కొన్నారు. పద్నాలుగు నెలల దీవెనకి ఛాతీలో పిల్లికూతలు వస్తున్నాయి. గది పొడిగా ఉండాలి, గోడకి చెమ్మ తగలకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పారు. అందుకే మే నెలలో పుచ్చిపోయిన చూరు పలకలు పీకించి, చెద పట్టదని సిమెంటు పలకలు వేయించింది. తుప్పు పట్టదని పీవీసీ దోనె ఎంచుకుంది. పనివాళ్ళని నమ్మకుండా సన్నటి పారదర్శక గొట్టంలో నీళ్ళు పోసి, రెండు చివర్లా మట్టం తనే చూసింది. మూడు మీటర్లకు ఒక సెంటీమీటరు వాలు. తొమ్మిది మీటర్ల చూరుకి మూడు సెంటీమీటర్లు. నోట్‌బుక్కులో బొమ్మ గీసి మరీ కట్టించింది.

జూన్ అంతా బాగానే గడిచింది. జూలై రెండో వారంలో గట్టి వాన పడ్డాక, దోనెలో నీళ్ళు, వాటిని డ్రమ్ములోకి దించే గొట్టం వైపు కాకుండా ఎదురు తిరిగి, పడగ్గది కొసన అంచు దాటి గోడ మీద పడ్డాయి. మూడు రోజులకి లోపలి సున్నం మీద నల్లటి చుక్కలు తేలాయి. దీవెన మంచం హాల్లోకి మార్చారు. అయినా ఆ రాత్రి పిల్ల ఊపిరి చప్పుడు వింటూ బ్లెస్సీ కూర్చునే ఉంది. దోనె శుభ్రం చేసింది, ఆకులేం లేవు. అతుకులు చూసింది, ఎక్కడా కారడం లేదు. నోట్‌బుక్కు తీసి లెక్క మళ్ళీ చూసింది. లెక్క తప్పలేదు.

"మీ మొహిద్దీన్ బాబాయ్ గారు ఉన్నారా ఇంకా?" అన్నాడు అనిల్.

ఉన్నారు. డెబ్బై దాటాయి, మోకాళ్ళు సహకరించడం లేదు. ఫోన్లో అంతా విని ఒకే మాట అడిగారు. "మీ ఊళ్ళో ఎన్ని వానలు పడ్డాయమ్మా?"

"పెద్దవి రెండు, బాబాయ్ గారూ."

"అయితే మూడో దానికి వస్తాను."

అన్నట్టే ఆదివారం మధ్యాహ్నం, రైలు దిగి, ఆటోలో వానతో పాటే వచ్చారు. ఈసారి కూడా గొడుగు సంచికే పట్టి ఉంది. అరుగు మీద కూర్చుని తల తుడుచుకున్నారు. దోనె వైపు చూడనైనా చూడలేదు.

"పడగ్గది తలుపు పడుతోందా అమ్మా?"

"లేదండీ. మేలో బాగానే పడేది. వానలకి చెక్క ఉబ్బింది," అన్నాడు అనిల్. "నేనే చిత్రిక పట్టాను కొంచెం."

"ఎంత మేర?"

"రెండుసార్లు పట్టానండీ."

మొహిద్దీన్ గారు నవ్వారు. "పాపం తలుపు. చెయ్యని తప్పుకి చెక్కు తీయించుకుంది."

అప్పుడు చెప్పారాయన. కొల్లేటి చుట్టుపక్కల నల్లమట్టి వేసవిలో ఎండి నెర్రెలిస్తుంది. రెండు మూడు వానలు తాగాక ఉబ్బుతుంది. పునాది లోతు లేని పాత ఇళ్ళలో, మురుగు కాలవ పక్కన నేల ముందు నానుతుంది కాబట్టి ఆ మూల ముందు లేస్తుంది. దానితో పాటు గోడ, గోడతో వాసాలు, వాసాలతో పలక, పలకతో దోనె లేస్తాయి. ద్వారబంధాలు ఒరిగి తలుపులు బిగుసుకుంటాయి. బ్లెస్సీ గొట్టం పెట్టించింది సరిగ్గా ఆ మూలనే. అది లేచేసరికి నీళ్ళు రెండో కొసకి, పడగ్గది వైపుకి తిరిగాయి.

"నీ కొలత తప్పు కాదమ్మా. మే నెల ఇంటికి కొలిచావు. ఇది జూలై ఇల్లు."

ఇరవై ఏళ్ళుగా పిచ్చి అనుకున్నదానికి ఇంత తేలికైన కారణం ఉంది. నేల వాన తాగి తన ఆకారం చూపించే వేళకే ఆయన వచ్చేవారు. క్లాసులో పదార్థాల వ్యాకోచం చెప్పే తను, తన ఇంటి కింది నేల గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

"మరి అందరికీ ఇది చెప్పేవారు కాదే బాబాయ్ గారూ?"

"చెప్పేవాణ్ణి. ఇల్లు కదులుతుందంటే ఎవరికి నచ్చుతుందమ్మా? టీ ఇచ్చి పంపేవారు."

సంచిలోంచి ఇనుప పట్టీలు తీశారు. ఒక్కోదానికి అరంగుళానికొకటి చొప్పున వరుసగా రంధ్రాలు. దోనెని పలకకి బిగించేయకూడదు, వీటికి వేలాడదీయాలి, ఏటా మూడో వానకు మర ఒక రంధ్రం పైకో కిందకో మార్చుకోవాలి అన్నారు. ఆ మూల సిమెంటు పలక అప్పటికే చీలి ఉంది. "అది వంగదు, విరుగుతుంది. వానలు వెళ్ళాక అక్కడ తాటి పలక వేయించు. కోసిన కొసలకి ముందు జీడినూనె పట్టించు, పడవలకి రాస్తారే, అది. నీళ్ళు కొసల్లోంచే తాగుతుంది చెక్క."

ఎక్కడం ఆయన వల్ల కాదు. అనిల్ బరువుకి నిచ్చెన మూలిగింది. చివరికి చున్నీ నడుముకి బిగించి బ్లెస్సీ ఎక్కింది. అనిల్ కింద నిచ్చెన పట్టుకున్నాడు. అరుగు మీద మొహిద్దీన్ గారి ఒళ్ళో దీవెన ఆయన గడ్డం పట్టుకుంది. వాన కళ్ళలో పడుతుంటే బ్లెస్సీ పాత మరలు ఒక్కొక్కటే విప్పి, పట్టీలు బిగించి, వాటికి దోనెని వేలాడదీసింది.

"మూలన రెండు రంధ్రాలు దించు. నడిమి పట్టీకి ఒకటి. ఆఁ, ఇప్పుడు నిలబడు. చూడకు, విను."

మొదట ఏమీ వినిపించలేదు. తర్వాత గొట్టంలో గరగరమని, ఆ వెంటనే ఏలూరు ఇంట్లో పరుపు మీద పడుకుని వినే చప్పుడే వినిపించింది. డ్రమ్ములోకి ధార కట్టింది. పడగ్గది వైపు అంచు నుంచి ఒక్క చుక్క కూడా జారడం లేదు. నిచ్చెన మీదే ఉండి ఆమె అమ్మకి ఫోన్ చేద్దామనుకుంది. చేతులు ఖాళీ లేవు.

గోడ ఆరడానికి నెల పట్టింది. చుక్కలు గీకి, సున్నం వేశారు. సెప్టెంబరుకి దీవెన మంచం మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళింది. పిల్లికూతలు పూర్తిగా పోయాయని డాక్టరు చెప్పలేదు గానీ, తగ్గాయన్నారు. జనవరిలో తాటి పలక వచ్చింది. వేప ఆకు రాలడం అయ్యాక ఒకసారి, వానలకి ముందు ఒకసారి దోనె ఊడ్చడం అనిల్ వంతు. తలుపు మాత్రం ఎండాకాలం వదులై గాలికి కొట్టుకునేది. అతనే దానికి గుడ్డ పీలిక చుట్టాడు.

మళ్ళీ జూలై వచ్చింది. మూడో వాన సాయంత్రం పడింది. దీవెన మంచం మీద బొమ్మలు పరుచుకుని ఆడుకుంటోంది. ఫాతిమా గారు ఫోన్ చేసింది.

"ఏవమ్మా, అక్కడ కూడా పడుతోందా? మీ ఇంటి దోనె చూసి చెప్పమంటున్నారు. లేకపోతే మంచం దిగి బయల్దేరేట్టున్నారీయన. నీకు పుణ్యం ఉంటుంది."

బ్లెస్సీ గొడుగు తీసుకుని బయటికి వెళ్ళింది. గొడుగు ఫోన్ మీద పట్టి, తను తడుస్తూ, గొట్టం పక్కన నిలబడింది. అవతల ఫోను ఆయన చేతికి మారింది. వింటున్నారు.

"అరంగుళం దించమ్మా," అన్నారు మొహిద్దీన్ గారు. "మూల లేచింది."

"అనిల్ గారూ," అని బ్లెస్సీ లోపలికి కేకేసింది, "నిచ్చెన ఎక్కడుంది?"