నాయన ప్రాయశ్చిత్తం, అమ్మ గడ్డపార

మా నాయన కథోలికుడు. అమ్మ పుట్టిల్లు ప్రొటెస్టెంటు, అందులోనూ గట్టి రకం. పాపాల నుంచి రక్షణ పొందే విషయంలో మనిషి చేసేదేమీ లేదు, అంతా దేవుని కృపే అనే సంఘం. ఆదివారం పొద్దున ఒకరు పూజకు, ఒకరు ఆరాధనకు పోయేవాళ్లు. మధ్యాహ్నం సంగటి ముద్దల దగ్గర మాత్రం వాదం తప్పేది కాదు.

"క్రీస్తు సిలువ మీద అంతా ముగించినాడు. నాకు రక్షణ వచ్చేసింది," అనేది అమ్మ.

"ఇంకా బతికేది ఉండాది కదే, అప్పుడే వచ్చేసిందని ఎట్ల చెప్తావు?" అనేవాడు నాయన. ఆయన దృష్టిలో పాపానికి పశ్చాత్తాపపడాలి, గురువు, అంటే చర్చి ఫాదరు, ముందు ఒప్పుకోవాలి, ఆయన చెప్పిన ప్రాయశ్చిత్తం చేయాలి. నాకైతే ఇద్దరి మీదా విసుగే. ముద్ద చల్లారుతున్నా పట్టని మనుషులకు రక్షణ గురించి ఏం తెలుస్తుందిలే అనుకునేదాన్ని.

నాయనకు గుండె ఆపరేషన్ చేయాలని బెంగళూరు డాక్టర్లు చెప్పాక వాదాలు ఆగిపోయాయి. ప్రయాణానికి ముందు ఆయన పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి పోయి వచ్చి అన్నం ముట్టలేదు. గురువు పాపవిమోచనం పలికాడట. ప్రాయశ్చిత్తంగా మాత్రం జపాలు చెప్పమనలేదు, తమ్ముడి దగ్గరికి పొమ్మన్నాడు.

తమ్ముడితో తగవు సంగతి ఊరందరికీ తెలుసు. అన్నదమ్ములిద్దరికీ పొత్తులో ఒకే బోరు. వానలు మొహం చాటేసిన ఒక ఏడు బోరు సన్నగా పోస్తుంటే, కాపు మీదున్న తన చీనీ, అదే బత్తాయి, చెట్లను బతికించుకోవాలని నాయన తమ్ముడి వంతు నీళ్లు కూడా తన తోటకే కట్టుకున్నాడు. చిన్నాయన తోట నిలువునా ఎండిపోయింది. అప్పటినుంచి మాటల్లేవు. ఆపరేషన్ బల్ల మీదే పోతే తమ్ముడితో ఒక్క మాట చెప్పకుండానే పోతానని నాయన భయం. తమ్ముడి ఇంటికి వెళ్తే మొహం మీదే తలుపేస్తాడనీ భయమే.

"మనం చేసేదేం లేదని నువ్వే అంటావు కదా," అన్నాడు అమ్మతో దిగులుగా.

"రక్షణ సంపాదించుకునేకి చేసేదేం లేదంటి. అది దొరికినోళ్లను కాళ్లు చాపుకోని కూచోమంటినా?" అని అమ్మ గడ్డపార తీసింది.

మరునాడు పొద్దున్నే ముగ్గురం చిన్నాయన బీడుకు పోయాం. ఎండిన చెట్ల చోట నాటేందుకు చీనీ మొక్కలు నేను మోశాను. నాయన బరువు పని చేయకూడదు కాబట్టి అమ్మే గుంత తవ్వసాగింది. కృప తప్ప క్రియలు పనికిరావనే మనిషి, కొంగు నడుముకు చుట్టి, నాయనకు గురువు చెప్పిన ప్రాయశ్చిత్తంలో చెమటలు కక్కుతోంది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

గడ్డపార చప్పుడు విని చిన్నాయన వచ్చాడు. నాయన లేచి నిలబడ్డాడు.

"దేవునికి చెప్పుకున్నా, ఫాదరుకు చెప్పుకున్నా. నీకే చెప్పలేదు. నీ వంతు నీళ్లు నేను కట్టుకున్నా. తప్పు చేసినానప్పా."

చిన్నాయన ఎండిన మొదళ్ల వైపు ఒకసారి చూశాడు. తర్వాత అమ్మ చేతిలోని గడ్డపార తీసుకున్నాడు.

"ఇంత లోతు చాల్దు వదినా. ఈడ అడుగున రాయి ఉండాది," అని తనే తవ్వడం మొదలుపెట్టాడు. కాసేపటికి, తల ఎత్తకుండానే అడిగాడు: "ఆపరేషన్‌కు తోడు ఎవరొస్తాండారన్నా?"

నాయన గట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

బెంగళూరుకు చిన్నాయనే తోడు వచ్చాడు, నాయన బతికి ఇంటికి చేరాడు. ప్రార్థనలో అందుకు రోజూ వందనాలు చెప్పుకుంటాను. దానికంటే ముందు, గుంతలో తల వంచుకుని చిన్నాయన "అన్నా" అని పిలిచినందుకు చెప్పుకుంటాను.