శాకాహార ఫ్రిజ్‌లో వెర్మూత్

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన తరవాత వచ్చిన వేసవిలో, అనకాపల్లి బైపాస్ పక్కనున్న ఒక హోటల్లో బార్ మేనేజరుగా చేరాను. నా ఉద్యోగ జీవితంలో అదే ఆఖరి మజిలీ. అంతకు ముందు విశాఖపట్నం హోటళ్లలో స్టూవర్డుగా మొదలై, బార్‌టెండరునై, కెప్టెన్నై, అంచెలంచెలుగా పైకొచ్చాను. ఈ హోదాలు తెలియనివారి కోసం చెబుతున్నాను. కెప్టెను ఆర్డరు తీసుకుంటాడు, బార్‌టెండరు కలుపుతాడు, స్టూవర్డు తెచ్చి టేబులు మీద పెడతాడు. ఈ ముగ్గురి పొరపాట్లకూ మేనేజరు తిట్లు తింటాడు.

హోటలు అప్పారావు గారికీ, ఆయన అక్క సత్యవతమ్మ గారికీ ఉమ్మడి ఆస్తి. కింద శాకాహార భోజనశాల, మేడ మీద బార్, ఆ పైన బస గదులు. సత్యవతమ్మ గారు కింద కౌంటరులో కూర్చునేవారు. మేడ మెట్ల వైపు కన్నెత్తి కూడా చూసేవారు కాదు. ఆవిడ లెక్కలో పైనున్నది సారా కొట్టు, నేను టై కట్టుకున్న సారా కొట్టువాణ్ణి. నన్ను హోదాతో గానీ పేరుతో గానీ ఏనాడూ పిలవలేదు. 'మేడమీదాయన' అనేవారు, అదీ ఎవరితోనైనా నా మీద ఫిర్యాదు చేసేటప్పుడు.

బార్ లైసెన్సు రెన్యువల్ కాగితాల మీద భాగస్వాములిద్దరూ సంతకం పెట్టాలి. ఆ ఏడు ఆవిడ పెట్టనని కూర్చున్నారు. బార్ ఎత్తేసి పెళ్లిళ్ల హాలు కట్టిద్దామని పట్టుదల. సంతకం పడకపోతే నాతో సహా పైన పనిచేసే వాళ్లందరం ఇంటికే. నా సంగతి సరే, ఎలాగూ రిటైరయ్యే వయసు. కానీ మిగతావాళ్లు పెళ్లాం బిడ్డలున్నవాళ్లు. నాకు నిజంగానే భయం వేసింది.

అప్పుడే పరవాడలోని ఒక ఫార్మా కంపెనీవాళ్లు అప్పారావు గారికి కబురు పెట్టారు. వాళ్ల ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు బిగించడానికి ఇటలీ ఇంజనీర్లు వస్తున్నారు, నెలల తరబడి గదులు కావాలి, వాళ్ల పెద్ద మార్కో అనే ఆయన శనివారం మధ్యాహ్నం వచ్చి హోటలు చూసుకుంటాడు. భోజనం సంగతి ఆయన ఏమీ అడగలేదట. బార్‌లో నెగ్రోనీ దొరుకుతుందా అని మాత్రం అడిగాడట. అప్పారావు గారు అక్కగారికి చెబితే ఆవిడ తేల్చింది ఒకటే మాట: "ముందు గదులు నిండనీ, అప్పుడు సంతకం సంగతి సూద్దారి."

నెగ్రోనీ అంటే జిన్, ఎర్రటి చేదు లిక్కరు, ఇటలీ తీపి వెర్మూత్ సమపాళ్లలో కలిపిన కాక్‌టెయిల్. ఐస్ వేసి పొడవాటి చెంచాతో తిప్పాలి. నిమ్మరసమో, పాలో పడే కాక్‌టెయిల్‌కే షేకరు వాడతారు. ఈ మాట చెప్పినా వినకుండా షేకరు గిలకొట్టేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వెర్మూత్ అనేది వైనే. అందులో చేదు మూలికలు, బెరళ్లు, నారింజ తొక్కలు నానబెట్టి, పంచదార వేసి, ఘాటు కోసం కొంచెం స్పిరిట్ కలుపుతారు. ముందు తీపి తగిలి, మింగాక చేదు తెలుస్తుంది. వైను కాబట్టి మూత తీశాక చల్లగా ఉంచాలి, లేకపోతే పాడవుతుంది.

సర్కారు మద్యం డిపో చుట్టూ తిరిగి తిరిగి ఒక్క సీసా సంపాదించాను. సిబ్బందిని కూర్చోబెట్టి క్లాసు తీసుకున్నాను. మూత తీసి అందరికీ వాసన చూపించాను. అదే రోజు బార్ ఫ్రిజ్ కంప్రెసరు చచ్చిపోయింది. నేను మెకానిక్ కోసం ఊళ్లోకి వెళ్లి వచ్చేసరికి, మా స్టూవర్డు ఆ సీసాను కింద వంటగది ఫ్రిజ్‌లో పెట్టించేశాడు.

ఆ ఫ్రిజ్‌కి కాపలా వంట మాస్టరు సూరిబాబు. అందులోకి ఏది వెళ్లాలన్నా ముందు అతని ముక్కు ఒప్పుకోవాలి. కోడిగుడ్డు పెట్టిన సంచిలో వచ్చిన కొత్తిమీరను కూడా వెనక్కి పంపిన మనిషి. వెర్మూత్‌ని వాసన చూసి, "కరక్కాయ వాసనొత్తంది. గుడ్డు నేదు, సేప నేదు. పెట్టేత్తాను," అన్నాడట. సీసా మడి కట్టుకుని పెరుగు గిన్నె పక్కన కూర్చుంది.

సత్యవతమ్మ గారికి కడుపుబ్బరం. భోజనమయ్యాక మజ్జిగ కోసం ఆ ఫ్రిజ్ తీశారు. ఇదేటని అడిగారు. సూరిబాబు అబద్ధమాడే మనిషి కాడు. నా క్లాసు మధ్యలో టీ తెచ్చినప్పుడు తన చెవిన పడిన ముక్క చెప్పాడు: "దొరలు అన్నానికి ముందు తాగుతారంటమ్మా. అన్నీ మూలికలే. మేనేజరు గారు సెప్తంటే ఇన్నాను." వైను అన్న ముక్క అతను వచ్చే ముందే అయిపోయింది. ఆ ఫ్రిజ్‌లో ఉన్నదంటే అది శుద్ధమైనదేనని ఆవిడ నమ్మకం. కషాయం అనుకుని తన స్టీలు గ్లాసులో పోయించుకున్నారు.

సీసా కింద ఉందని తెలుసు గానీ, ఆవిడ రోజూ అందులోది తాగుతున్నారని నాకు తెలియదు. ఆవిడలో మార్పు మాత్రం కనిపించింది. అడిగినవాళ్లకి రెండో అప్పడం వేయించారు. ఒక మధ్యాహ్నం నన్ను చూసి, "కూకోండి, ఎండన పడి వచ్చేరు," అన్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని.

శనివారం మార్కో వచ్చాడు. గుమ్మం నిండేటంత మనిషి, మాట మాటకీ చేతులు ఊపుతాడు. ఆయన్ని అప్పారావు గారికి అప్పగించి, వెర్మూత్ కోసం వంటగదిలోకి వెళ్లాను. ఫ్రిజ్‌లో సీసా లేదు. కౌంటరు దగ్గర సత్యవతమ్మ గారి ముందుంది, అడుగున కాస్త మిగిలి. ఆవిడ గ్లాసు ఎత్తి గుక్క వేస్తున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

చెబితే సంతకం పోతుంది. చెప్పకపోతే, సారా పేరు వింటేనే చెంబుడు నీళ్లతో నోరు కడుక్కునే మనిషి నా సీసాలోది తెలియకుండా తాగుతూనే ఉంటారు. మా వృత్తిలో మొదటి రోజు నేర్పేది ఒకటుంది: తాగే మనిషికి ఏం తాగుతున్నాడో తెలియాలి. దానికి మినహాయింపు లేదు. పైనున్న వాళ్ల మొహాలన్నీ కళ్ల ముందు మెదిలాయి. అయినా వెళ్లి, చేతులు కట్టుకుని చెప్పేశాను. "అమ్మా, ఇది కషాయం కాదండి. వైను."

ఆవిడ గ్లాసు కింద పెట్టారు. ఈలోగా వెనకాలే వచ్చిన మార్కో సీసాను చూడనే చూశాడు. ఇంట్లో చుట్టం కనిపించినట్టు మొహం విప్పారింది. తనే కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుని, పొట్ట నిమురుకుంటూ, ఆ గ్లాసు చూపిస్తూ ఇటాలియన్‌లో ఏదో ధారాళంగా మాట్లాడాడు. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు, ఆ నిమురుకోవడం మాత్రం అందరికీ అర్థమైంది.

"సూసేరా," అన్నారు సత్యవతమ్మ గారు నాతో. "ఆయనకీ కడుపుబ్బరమే. సూరిబాబూ, ఓ గిలాసు తే. పాపం పై ఊరోడు."

నేను మళ్లీ చెప్పబోయాను, వైనండి, అందులో స్పిరిటు కూడా ఉంటుందండి అని. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "ఇన్నాను. నాకు సెవుడేటి? మేడమీద తాగినోళ్లు మెట్లమీద దొర్లుతారు. నేను కుర్సీలో కూకున్నాను. అన్నం అరిగింది. ఇది సారా ఎలాగవుద్ది?"

సూరిబాబు స్టీలు గ్లాసు తెచ్చాడు, ఆవిడే మార్కోకి కాస్త పోశారు.

సీసాలో మిగిలిన దానితో మార్కోకి మేడ మీద ఒక నెగ్రోనీ కలిపాను. నా చేతి నుంచి అంత చక్కటిది అంతకు ముందు రాలేదని ధైర్యంగా చెప్పగలను. ఆయన తాగి, వచ్చీరాని ఇంగ్లీషులో బావుందన్నాడు. కానీ కింద స్టీలు గ్లాసులో తాగిందే ఇంకా బావుందన్నాడు. నాకు కడుపు మండింది. గదులు మాత్రం ఆ సాయంత్రమే ఖాయమయ్యాయి.

మర్నాడు సత్యవతమ్మ గారు సంతకం పెట్టారు, మూడు షరతుల మీద. ఆ కషాయానికి మేడ మీద విడిగా చిన్న ఫ్రిజ్ కొనాలి, అందులో ఇంకేదీ పెట్టకూడదు, భోజనమయ్యాక సీసాయే కిందికి రావాలి. బార్ గ్లాసులో పోసి తెస్తే అంటు. లైసెన్సున్న చోటే మద్యం ఉంచాలన్న ఎక్సైజు నిబంధన నా తలనొప్పి కాబట్టి ఆ మొదటి రెండు షరతులకీ సంతోషంగా ఒప్పుకున్నాను. సీసా కిందికి దింపే షరతుకి నిత్యం నేనే పక్కన నిలబడి, పోసిన వెంటనే పైకి పట్టుకుపోయేవాణ్ణి.

ఆ ఉదంతం తరవాత నేనొక పద్ధతి పెట్టుకున్నాను. బార్‌లోని ప్రతి సీసా మీదా లోపల ఏముందో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి చీటీ అంటించేవాణ్ణి. వెర్మూత్ మీద 'వైను, మత్తు పదార్థం' అని రాశాను. సత్యవతమ్మ గారు సీసా చేతికి రాగానే ముందు ఆ చీటీని గోటితో జాగ్రత్తగా పీకేసి, మడిచి నా చేతిలో పెట్టి, అప్పుడు గ్లాసు చాపేవారు. మర్నాడు నేను మళ్లీ అంటించేవాణ్ణి. రిటైరయ్యేదాకా ఇదే మా దినచర్య. చీటీ అంటించడం బార్ మేనేజరు విధి. చదవాలా వద్దా అన్నది తాగేవాళ్ల ఇష్టం.