తువ్వాలు కింద పులి

నూజివీడు పండ్ల బజారులో పాండురంగారావు కొట్టుకి ఉన్నంత పేరు ఇంకో కొట్టుకి లేదు. పేరంటే లాభాలొచ్చే పేరు కాదు. ఆ కొట్టుకెళితే పైసా ఖర్చు లేకుండా కడుపు నిండుతుందని పేరు. వేసవిలో చిన్న రసాలు దిగాయంటే చాలు, విస్సన్నపేట బస్సు దిగిన జనం టీ కొట్టు కూడా దాటేసి తిన్నగా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

"రుచి చూడొచ్చాండీ?" అనేవాడు ఒకడు.

"అయ్యో, భలేవారే, చూడండి!" అనేవాడు పాండురంగారావు.

వాడు ఒకటి జుర్రి, "కాస్త పులుపు తగిలిందండీ, ఇంకోటి చూస్తా," అనేవాడు. ఇంకోటి. ఆ తర్వాత వాడి బామ్మర్ది. గంపలో అడుగు గడ్డి కనపడేదాకా రుచి చూసి, మూతి తుడుచుకుని, "రేపొస్తామండీ," అని వెళ్ళిపోయేవాళ్ళు. ఒకావిడైతే పోయినేడు కొన్న పండులో తీపి లేదని ఈ ఏడు టెంక పట్టుకొచ్చి మార్చమంది. మార్చాడు. నమ్మకపోతే ఆయన పెరట్లోకెళ్ళి చూడండి, ఆ టెంక మొలిచి మోకాలెత్తు మొక్కయింది.

ఆయనకి మొహమాటం. దేవుడు అందరికీ నాలుక మీద "కుదరదు" అన్న మాట రాసి పంపిస్తాడు గదా, ఈయన వంతు వచ్చేసరికి సిరా అయిపోయింది.

మరి ఇన్నేళ్ళు వ్యాపారం ఎలా నిలబడిందీ అంటే, తువ్వాలు చలవ. మామిడి తోట కాపుని ఆ ఏటికి గుత్తకి మాట్లాడుకునేటప్పుడు రేటు నోటితో చెప్పరు. చుట్టూ మిగతా వర్తకులు చెవులు రిక్కించుకుని కూర్చుంటారు మరి. అందుకని తోట ఆసామీ, కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుని, చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని బేరమాడతారు. ఏ వేలు నొక్కితే ఎంతో వాళ్ళిద్దరికే తెలుసు. పైకి మాత్రం వానల గురించీ పెళ్ళిళ్ళ గురించీ కబుర్లు.

అక్కడ పాండురంగారావు పులి. పైన మొహం "అంతా తమ దయ" అని నవ్వుతుంటే కింద చెయ్యి ఆసామీ వేళ్ళు విరిచినంత పని చేసేది. ఆగిరిపల్లి వీరరాఘవయ్య గారి తోట ఏటా అలాగే ఆయనకి దక్కేది. ఆ తోట కాపు మీదే కొట్టు నడిచేది, రుచి చూసేవాళ్ళ కడుపులూ నిండేవి. బేరమైన రాత్రి వీరరాఘవయ్య గారు వేళ్ళకి ఆముదం రాయించుకుంటూ, "మనిషి వెన్నముద్దే, ఆ చెయ్యి మాత్రం కొలిమిలో చేశారే," అనేవారట.

ఎనభై ఆరులో, తోటలు పూత మీదున్నప్పుడు, ఆ వీరరాఘవయ్య గారు అరుగు మీంచి జారిపడి నడుం పట్టించుకుని మంచమెక్కారు. గుత్త వ్యవహారం ఆయన భార్య సీతారావమ్మ గారి చేతికొచ్చింది. వచ్చే ఆదివారం పొద్దున్నే రండి, తోట కావాల్సినవాళ్ళు నా ఎదురుగా కూర్చుని మాట్లాడుకోండి అని ఆవిడ వర్తకులందరికీ కబురు పెట్టింది.

పాండురంగారావు గుండె జారి చెప్పుల్లో పడింది. పరాయి ఆడమనిషితో తువ్వాలు కింద చెయ్యి కలిపితే ఆగిరిపల్లి నుంచి నూజివీడు దాకా తరిమి తరిమి కొడతారు. కలపకపోతే ఆవిడ మొహం చూసి మాట్లాడాలి. మొహం చూస్తే ఆవిడెంత చెబితే అంతకి తలూపి వస్తాడు. ఆ రేటుకి తీసుకున్నా కొట్టు మూతే, తోట పోయినా మూతే.

మూస్తే తర్వాతేంటన్నది భార్య శకుంతల ముందే చెప్పేసింది.

"మా తమ్ముడు లక్ష్మీనారాయణ చింతలపూడిలో తన ఎరువుల కొట్లో మీకో స్టూలు వేయిస్తానన్నాడండీ."

"గల్లాపెట్టె దగ్గరా?"

"గల్లాపెట్టె దగ్గర వాడు కూర్చుంటాడుగా. మీది యూరియా బస్తాల పక్కన."

అప్పట్నుంచి ఆయనకి అన్నంలో కూడా యూరియా వాసనే. "బావగారూ, ఆ బస్తా కాస్త ఇటు జరపండి," అన్న గొంతు గాల్లో వినపడేది.

సరిగ్గా ఆ వారమే బెజవాడ నుంచి నారాయణరావు గారు దిగారు. "మీ వ్యాపారం ఎందుకు ఎదగటం లేదు? మూడు రోజుల్లో తెలుసుకోండి!" అని గోడగోడకీ కాగితాలు అంటించారు. లాడ్జి మేడ మీద హాల్లో క్లాసు. సఫారీ సూటు, బంగారు ఫ్రేము కళ్ళజోడు. ఆయన పళ్ళు ఎంత తెల్లగా ఉన్నాయంటే, కరెంటు పోయినప్పుడు కూడా క్లాసు ఆపలేదట.

"మిమ్మల్ని వెనక్కి లాగుతున్నదేంటి? మొహమాటం లేకుండా చెప్పండి!" అని ఆయన మొదలెట్టారు.

బట్టల కొట్టు సుబ్రహ్మణ్యం లేచాడు. "గుమ్మం అండీ. ఆగ్నేయానికి ఉంది."

వెనకనుంచి ఇంకొకడు, "మా మావగారండీ," అని, మావగారు ముందు వరసలో ఉన్నట్టు చూసుకుని కూలబడ్డాడు.

రాజ్‌దూత్ మీద తిరిగే వెంకటకృష్ణారావు కాలు మీద కాలేసుకుని, "నన్నెవరూ లాగట్లేదండీ. టిఫిను పెడతారంటే వచ్చా," అన్నాడు. ఇతనూ మామిడి వర్తకుడే. ఆగిరిపల్లి తోట మీద ఎన్నాళ్ళుగానో కన్నేసి ఉన్నాడు.

"గుమ్మం కాదు, మావగారూ కాదు. మిమ్మల్ని వెనక్కి లాగుతున్నది మీ వెనకే ఉంది. అది మీరే!" అని అరిచారు నారాయణరావు గారు.

పాండురంగారావు పాపం వెనక్కి తిరిగి చూశాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుకి దొరికిపోయి స్టేజీ ఎక్కాల్సొచ్చింది.

"నేనేది అడిగినా మీరు కుదరదనాలి. అంతే. సరేనా?"

"అలాగేనండీ."

"మీ వాచీ ఇస్తారా?"

పాండురంగారావు వాచీ విప్పి చేతిలో పెట్టాడు.

"అయ్యా, ఇవ్వకూడదు. కుదరదనాలి. మళ్ళీ చూద్దాం. మీ చెప్పులిస్తారా?"

చెప్పులు విడిచి, దుమ్ము దులిపి మరీ ముందుకి జరిపాడు. "పాపం అంత దూరం నుంచి వచ్చారు గదండీ," అన్నాడు.

నారాయణరావు గారు ఇరవై ఊళ్ళలో క్లాసులు చెప్పారు గానీ ఇలాంటి కేసు తగల్లేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని అడిగారు.

"పోనీ, మీకు ఎక్కడైనా ధైర్యం వస్తుందా?"

"తువ్వాలు కింద వస్తుందండీ."

"అయితే ఆ తువ్వాలే మీ బలం! బలం ఉన్నచోటు నుంచి లేనిచోటుకి తెచ్చుకోండి. ఇంటి దగ్గర సాధన చెయ్యండి!" అని ఆయన తేలిగ్గా చెప్పేసి, తర్వాతి మనిషిని పిలిచారు.

సాధన మొదలైంది. నూతి గిలకతో కుదరదన్నాడు. గేదెతో అన్నాడు, అది పట్టించుకోలేదు. కాఫీ కలుపుతూ శకుంతల "పంచదార వెయ్యనా?" అంటే గోడకేసి చూస్తూ, "కుదరదు," అన్నాడు. ఆవిడ వెయ్యలేదు. చప్పటి కాఫీ గొంతు దిగట్లేదని చెప్పడానికి మళ్ళీ మొహమాటమొచ్చి గ్లాసు ఖాళీ చేశాడు.

మర్నాడు, రోజూ ఆయన లూనా అడిగి తీసుకెళ్ళి పెట్రోలు లేకుండా తిరిగిచ్చే పక్క కొట్టాయన వచ్చాడు. పాండురంగారావుకి నారాయణరావు గారి మాట గుర్తొచ్చింది. భుజం మీది తువ్వాలు తీసి తల మీంచి మొహం మొత్తం కప్పేసుకున్నాడు. లోపల చీకటిగా, హాయిగా, అచ్చం బేరం దగ్గరున్నట్టే ఉంది.

"కుదరదు!"

ఆ గొంతుకి పక్క కొట్టాయన ఎదురు చెప్పకుండా వెళ్ళిపోయాడు. అమ్మవారు పూనిందనుకున్నాడో, అంటుజ్వరం అనుకున్నాడో గానీ మళ్ళీ లూనా అడగలేదు. పాండురంగారావు తువ్వాలు కళ్ళకద్దుకున్నాడు.

ఆదివారం ఆగిరిపల్లిలో సీతారావమ్మ గారి వసారా నిండా వర్తకులు. ఆవిడ పడక్కుర్చీలో కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. లోపల గదిలో మంచం మీద వీరరాఘవయ్య గారు. ముందు వరసలో వెంకటకృష్ణారావు, అత్తరు పూసుకుని.

పాండురంగారావు దణ్ణం పెట్టి ఆవిడ ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. "అమ్మగారూ, తప్పుగా అనుకోకండి," అని తువ్వాలు తల మీంచి కప్పుకున్నాడు.

"ఏంటయ్యా ఇది? కళ్ళకలకా?"

"కాదమ్మగారూ. ఇలా అయితేనే నాకు మాటొస్తుంది."

ఆవిడ నవ్విన నవ్వుకి ఒళ్ళోని వక్కలు వసారా అంతా దొర్లాయి. "సరే, నీ ముసుగు నీ ఇష్టం. నా రేటు ఇదీ," అని ఒక రేటు చెప్పింది.

"కుదరదు!" అంది తువ్వాలు. "తూర్పు వరసంతా పూతకి తేనెమంచు పురుగు పట్టింది. నిన్న నా కళ్ళతో చూశా. ఆకులు జిగురు కారుతున్నాయి. ఆ రేటుకి కుదరదు!"

సీతారావమ్మ గారు ఒక మెట్టు దిగింది. కుదరదు. ఇంకో మెట్టు దిగింది. కుదరదంటే కుదరదు. ఆ గర్జనకి పెంకుల మీది కాకులు లేచిపోయి మళ్ళీ ఆ వారమంతా ఆ ఇంటి మీద వాలలేదు. లోపల్నుంచి వీరరాఘవయ్య గారు, "అదుగో! వాడేనే నా వేళ్ళు విరిచింది!" అని కేకేశారు.

ఆఖరికి పాండురంగారావు తన రేటు చెప్పాడు. గట్టిగా, స్పష్టంగా, వీధి చివర వాళ్ళకి కూడా వినపడేట్టు చెప్పాడు. చెప్పి, ఇక బేరం అయినట్టేనని తువ్వాలు లోపల మీసం దువ్వుకున్నాడు.

వెంకటకృష్ణారావు గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారూ, ఆయనన్నదాని మీద ఇంకాస్త వేసుకోండి. తోట నాకు ఖాయం చెయ్యండి."

వసారాలో వర్తకులంతా ఒక్కసారి నాలుక కరుచుకున్నారు. తరతరాలుగా ఆ తువ్వాలు ఉన్నది రేటుని దాచడానికి. ఈయన రేటుని బయట పెట్టి మొహాన్ని దాచుకున్నాడు.

పాండురంగారావు తువ్వాలు లాగేశాడు. మొహం చెమటకి తడిసి ముద్దయింది. ఎదురుగా సీతారావమ్మ గారు, పక్కన నవ్వుతూ వెంకటకృష్ణారావు. ఇంకో మెట్టు ఎక్కుదామంటే ఆ రేటు గిట్టదు. మళ్ళీ ముసుగు వేసుకుందామంటే చేతులు రాలేదు.

"రేటు సంగతి ఉండనివ్వండి," అంది సీతారావమ్మ గారు వక్కలు ఏరుకుంటూ. "ఇంకో మాటుంది. ఆవకాయ రోజుల్లో మా చుట్టాలొస్తారు. తోటలోకి దిగి తలా ఓ బస్తా కోసుకుపోతారు. ఏమంటారు?"

"భలేవారే!" అన్నాడు వెంకటకృష్ణారావు. "మీ చుట్టాలంటే మా చుట్టాలే. లారీ తెచ్చుకోమనండి!"

ఆవిడ పాండురంగారావు వైపు తిరిగింది. "నువ్వేమంటావు?"

ఆయన నోరు తెరిచాడు. అలవాటు ప్రకారం "అలాగేనమ్మగారూ" నాలుక చివరికి వచ్చేసింది. కానీ పోయినేడు చుట్టాలొచ్చి వెళ్ళిన మర్నాడు చూసిన చెట్లు కళ్ళ ముందు కదిలాయి. విరిగి వేలాడే కొమ్మలు, కింద సొన కారి నల్లబడ్డ కాయలు.

"కు..." అన్నాడు. తువ్వాలు పక్కన పెట్టాడు. "కుదరదమ్మగారూ."

ఈసారి గర్జన కాదు. చెవి ఒగ్గితేగానీ వినపడనంత చిన్న గొంతు.

"మీవాళ్ళు వల కట్టిన చిక్కంతో కోయరండీ, కర్రలతో బాదుతారు. కొమ్మలు పోతాయి, పై ఏడు కాపు కూడా పోతుంది. ఎవరికెన్ని కావాలో చెప్పండి, నేనే కోయించి వాళ్ళింటికి పంపిస్తా. తోటలోకి మాత్రం దిగనివ్వను."

వెంకటకృష్ణారావు మీసం కింద నవ్వుకున్నాడు. సీతారావమ్మ గారు కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చింది. అయిపోయిందనుకున్నాడు పాండురంగారావు. ఆవిడ గొంతు తగ్గించి అడిగింది.

"మా పెద్దాడబిడ్డ వచ్చినా ఇలాగే అంటావా?"

"అంటానండీ."

"మా అన్నయ్య జీపేసుకుని వస్తాడు. పరమ కోపిష్టి."

"జీపు గేటు బయట పెట్టుకోమంటానండీ. ఎండన పడొస్తారు గనక మజ్జిగిస్తానండీ."

"మజ్జిగ తాగి ఒక్క బుట్టేగా అంటాడు."

"ఇంకో గ్లాసు పోస్తానండీ. గేటు తియ్యనండీ."

ఆవిడ కుర్చీలో కూలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది. "కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ మాట నా గొంతులో అడ్డం పడి ఉందయ్యా! ఒక్క ఏడూ అనలేకపోయాను. అనే మనిషి ఒక్కడూ దొరకలేదు."

"అమ్మగారూ, రేటు నాది ఎక్కువ," అన్నాడు వెంకటకృష్ణారావు.

"ఎక్కువేనయ్యా. నువ్వు రమ్మన్న ఆ లారీలో మా వాళ్ళు ఆ ఎక్కువనీ, పై ఏడు కాపునీ ఒక్క పూటలో ఎక్కించుకుపోతారు." పాండురంగారావు వైపు చూసి, "నీ రేటుకే తీసుకో. ఆవకాయ రోజులన్నీ గేటు దగ్గర నువ్వే కూర్చోవాలి. మనిషిని పెడితే ఒప్పుకోను," అంది.

ఇదంతా తన క్లాసు మహిమేనని నారాయణరావు గారు నందిగామ దాకా కాగితాలు అంటించుకున్నారు. మహిమ ఎంతో చెప్పలేం. ఆ వేసవిలో ఆయనే నూజివీడు వచ్చి రుచి చూస్తానని కొట్లో కూర్చుంటే పాండురంగారావు గంప మొత్తం ముందు పెట్టాడు. బెజవాడ బస్సు తప్పిపోయేదాకా రుచి చూశారట.

కానీ తోట గేటు దగ్గర మనిషి వేరు. ఆవకాయ రోజులు వచ్చాయి, జీపూ వచ్చింది. ఖాళీ గోతాల కట్టతో సీతారావమ్మ గారి అన్నయ్య దిగాడు.

"ఎవడివయ్యా నువ్వు? గేటు తియ్యి!"

"గుత్తదారునండీ. కుదరదండీ. మజ్జిగ తాగుతారా?"

"ఈ తోట ఎవరిదనుకున్నావు? మా చెల్లెలిది!"

"అవునండీ. ఉప్పు సరిపోయిందాండీ?"

జీపాయన మూడు గ్లాసుల మజ్జిగ తాగాడు, ఆరు రకాల తిట్లు తిట్టాడు, కాళ్ళు నేలకేసి కొట్టి, తోటని ఆనుకునే ఉన్న చెల్లెలి ఇంట్లోకెళ్ళాడు. లోపల్నుంచి సీతారావమ్మ గారి గొంతు గేటు దాకా వినపడింది.

"నన్నేం చెయ్యమంటావన్నయ్యా! తెలియక తోటని ఆ రాక్షసుడి చేతిలో పెట్టాం. ఆడా మగా చూడడు, చిన్నా పెద్దా చూడడు. నాకే భయం వాడంటే!"

ఆ సాయంత్రం పాండురంగారావు లూనా తొక్కుకుంటూ, ఎత్తెక్కేచోట తోసుకుంటూ ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా వంటింట్లోకి దూరాడు.

"శకుంతలా! ఇవాళ నన్ను రాక్షసుడన్నారే!"

"ఎవరండీ? మిమ్మల్నా?"

"సీతారావమ్మ గారు. అందరూ వినేట్టు! నేనంటే భయమన్నారు కూడా!"

ఆవిడ గరిటె పట్టుకుని మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది. "సరిగ్గా విన్నారా? పక్కన ఇంకెవరన్నా ఉన్నారేమో?"

"లేరే! నేనొక్కణ్ణే ఉన్నా!" అని ఆయన చేతులూపుతూ మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. కంచంలో అన్నం వడ్డించి శకుంతల పిలిచేదాకా అద్దం ముందే నిలబడి, పక్కకి తిరిగి ఒకసారి, కళ్ళు ఉరిమి ఒకసారి, ఎక్కణ్ణుంచి చూస్తే రాక్షసుడిలా కనపడ్డానా అని చూసుకుంటూనే ఉన్నాడు.