పది ఇరవైకి వచ్చింది

రాయ్‌పూర్ స్టేషన్‌లో దిగేసరికి ఉదయం ఆరు నలభై. నా వెంట నల్ల ట్రంకు పెట్టె, పరుపుచుట్ట, బదిలీ కాగితం. మార్చి నెలే అయినా ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. యూనిట్ లారీ భన్‌పురి ఫ్యాక్టరీల మధ్య నుంచి తీసుకెళ్ళి క్యాంపులో దింపింది. చదును నేల. ఎర్ర మొరం. ఎక్కడా నీడ లేదు. ఉతికి ఆరేసిన తెల్ల దుప్పటి సాయంత్రానికి బూడిదరంగుకి తిరిగేది. ఇనుప ఫ్యాక్టరీల మసి.

నేను హవల్దారుని, నర్సింగ్ అసిస్టెంటుని. తుపాకీ కన్నా బీపీ యంత్రం ఎక్కువ మోసినవాణ్ణి. మాది శ్రీకాకుళం జిల్లా. ఈ బదిలీకి ముందు మూడేళ్ళు మంచుకొండల్లో, చలికి వేళ్ళు నల్లబడిన జవాన్లకి కట్లు కట్టాను. రాయ్‌పూర్ అనగానే ఇంట్లో వాళ్ళు సంతోషించారు. సరిహద్దు కాదు కదా, ఇక భయం లేదన్నారు. నా సర్వీసులో చూసిన చావులన్నిటిలోకీ ఘోరమైనది ఈ క్యాంపులోనే చూశాను.

మొదటి రోజే సుబేదార్ సాబ్ నా పని చెప్పాడు. సరిహద్దుకి వెళ్ళిన జవాన్ల కుటుంబాలకి అక్కడ ఇరవై రెండు క్వార్టర్లు ఇచ్చారు. భర్తలు లేరు. ఆడవాళ్ళు, పిల్లలు ఉంటారు. గర్భిణులని ప్రతి మంగళవారం చూడాలి. రిజిస్టర్ రాయాలి. మాకో డాక్టరు కెప్టెన్ ఉన్నాడు. కాన్పుల డాక్టరమ్మ మాత్రం దేవేంద్ర నగర్‌లోని ఒక ఆసుపత్రిలో ఉండేది. నెలకోసారి ఆడవాళ్ళని బండిలో ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి.

ఎవరికి ప్రమాదం ఉందో పసిగట్టడం ఆవిడే నేర్పింది. ముందు కాన్పు ఎలా జరిగింది, రక్తం ఎంత ఉంది, ఎత్తు ఎంత, బీపీ ఎంత, ముఖం ఉబ్బిందా. అన్నీ అడిగి, కొలిచి రాయాలి. అనుమానం ఉన్న పేరు పక్కన ఎర్ర సిరాతో గీత పెట్టాలి. "ఎర్ర గీత పెట్టడంతో నీ పని అయిపోదు, అక్కడే మొదలవుతుంది" అనేది. ఏప్రిల్ నాటికి తొమ్మిది మంది గర్భిణుల్లో ముగ్గురికి ఎర్ర గీతలు. అందులో ఒకామెకి రక్తం బొత్తిగా లేదు. రోజూ ఎనిమిదింటికి ఆమె క్వార్టరుకి వెళ్ళి, నా ఎదురుగా ఐరన్ మాత్ర మింగించేవాణ్ణి. ఆమె పండంటి కొడుకుని కంది. నేను ఆ పని చెయ్యగలనని నమ్మాను.

మూడో పేరు రత్నం. పుట్టింది రాయ్‌పూర్‌లోనే. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మ్యాన్‌గా చేసి పోయాడు, తల్లి ఊళ్ళోనే మోవాలో ఉంటుంది. వాళ్ళ పూర్వీకులది మా జిల్లాయే. నా మాట వినగానే పోల్చుకుంది.

"అన్నయ్యా, నువ్వు మనోళ్ళే కదా! ఇక్కడ తెలుగు బోలేవాళ్ళే లేరు నాకు" అంది. సగం తెలుగు, సగం హిందీ.

అంతకు ముందు ఏడాది ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. అప్పుడూ బీపీయే. భర్త లాన్స్ నాయక్, లడఖ్‌లో ఉన్నాడు. ఏడో నెల దాటగానే బీపీ మళ్ళీ పెరగడం మొదలైంది. డాక్టరమ్మ రోజుకి మూడు మాత్రలు రాసింది. వారానికి రెండుసార్లు చూడమంది. కాగితం మీద ఇంకో మాట రాసింది: తలనొప్పి గానీ, చూపు మసక గానీ వస్తే ఒక్క నిమిషం ఆగకుండా తీసుకురండి. ఆ కాగితం నా బల్ల మీద అద్దం కింద పెట్టాను. రత్నం తల్లిని మోవా నుంచి పిలిపించి క్వార్టర్లో ఉంచాను.

మే నెల, గురువారం. రత్నానికి ఎనిమిదిన్నర నెలలు. ఆ రోజు పెద్ద అధికారి తనిఖీకి హెలికాప్టర్‌లో వస్తున్నాడు. పదకొండింటికి దిగాలి. హెలికాప్టర్ దిగే చోట అంబులెన్సు, డాక్టరు సిద్ధంగా ఉండాలన్నది రూలు. తొమ్మిదిన్నరకే అంబులెన్సు వెళ్ళిపోయింది, అందులోనే కెప్టెన్ కూడా. మిగతా బళ్ళన్నీ కడిగి, టైర్లకి నలుపు రాసి, వరసలో నిలబెట్టారు.

పది ఇరవైకి రత్నం వచ్చింది. తల్లి భుజం పట్టుకుని, ఆ ఎండలో నాలుగు వందల మీటర్లు నడిచి వచ్చింది.

"అన్నయ్యా, పొద్దున్నుంచి సిర్‌దర్ద్. కళ్ళ ముందు ధుంధ్లాగా ఉంది. నీ మొకం బరాబర్ అవుపించట్లేదు."

బీపీ నూట డెబ్బై, నూట పది. మూత్రం పరీక్షనాళికలో పోసి స్పిరిట్ దీపం మీద కాచాను. పాలు విరిగినట్టు తెల్లగా గడ్డకట్టింది. మూర్ఛ రాబోతోందనడానికి గుర్తు అది. పది ముప్పై ఐదుకి వైర్‌లెస్ అందుకున్నాను.

"ఎర్ర గీత కేసు. అంబులెన్సు కావాలి. ఓవర్."

"సాబ్ దిగేదాకా అంబులెన్సు కదలదు. ఓవర్." గొంతు ఆపరేటర్‌ది.

"డాక్టర్ సాబ్‌కి ఇవ్వు. ఓవర్."

కెప్టెన్ లైన్లోకి వచ్చాడు. బీపీ అంకె చెప్పాను. మూర్ఛ రాకుండా ఇచ్చే ఇంజెక్షన్ బీరువాలో ఉందని, ఇమ్మంటారా అని అడిగాను.

"నేను చూడకుండా ఇవ్వొద్దు. ఊపిరి ఆగిపోతే ఎవరు జవాబుదారీ? పడుకోబెట్టు. అరగంటలో వస్తా. అవుట్."

పదకొండయింది. హెలికాప్టర్ రాలేదు. గది తలుపులు మూసి చీకటి చేశాను. పదకొండు ఇరవైకి సుబేదార్ సాబ్ దగ్గరికి పరిగెత్తాను. వరసలో ఉన్న జీపు ఒకటి ఇమ్మన్నాను.

"వరస చెడితే నా ఉద్యోగం పోతుంది. ఆడవాళ్ళకి తలనొప్పులు మామూలే, హవల్దార్" అన్నాడు.

పదకొండు నలభైకి మళ్ళీ వైర్‌లెస్. అదే జవాబు. బీరువా తాళం నా జేబులోనే ఉంది. రత్నం నా చెయ్యి పట్టుకుంది.

"అన్నయ్యా, నా బిడ్డ బతుకుతాది కదా?"

"బతుకుతుందమ్మా" అన్నాను. బీరువా తియ్యలేదు. ఆర్డరు కోసం చూశాను.

పన్నెండు పదికి ఆమె కళ్ళు పైకి తేలిపోయాయి. దవడ బిగిసింది. ఒళ్ళంతా కొట్టుకుంది. నాలుక తెగకుండా పళ్ళ మధ్య గుడ్డ పెట్టి పక్కకి తిప్పాను. తల్లి గోడకి ఆనుకుని కేకలు పెట్టింది. అప్పుడు తీశాను బీరువా. రెండు తుంట్లలోనూ ఇంజెక్షన్ ఇచ్చాను. ఊపిరి ఆగలేదు. అంటే పది నలభైకి ఇచ్చి ఉన్నా ఆగేది కాదు.

పన్నెండు ముప్పైకి హెలికాప్టర్ దిగింది. పన్నెండు యాభైకి అంబులెన్సు వచ్చింది. భన్‌పురి దగ్గర రోడ్డుకి అడ్డంగా ఒక ట్రెయిలర్ నిలిచిపోయి ఉంది. డ్రైవరు దిగి లారీలవాళ్ళని బతిమాలాడు, తిట్టాడు. అక్కడే రెండోసారి మూర్ఛ వచ్చింది. ఒకటి నలభైకి ఆసుపత్రి చేరాం. డాక్టరమ్మ ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీసింది. పిల్ల పిట్టలా ఉంది, కానీ ఏడ్చింది. రత్నం లేవలేదు. తలలో రక్తం చిట్లిందని చెప్పారు. సాయంత్రం నాలుగుంబావుకి పోయింది.

డాక్టరమ్మ బయటికి వచ్చి ఒక్కటే అడిగింది. "ఎన్ని గంటలకి వచ్చింది నీ దగ్గరికి?"

"పది ఇరవై."

ఆవిడ గోడ గడియారం చూసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి నన్ను పిలిచారు. బల్ల మీద నా రిజిస్టర్ ఉంది. పక్కన కొత్త రిజిస్టర్. కెప్టెన్ తల ఎత్తలేదు.

"పాతది తడిసి పాడైంది. ఇందులోకి ఎక్కించు. పేషెంటు వచ్చిన సమయం పన్నెండు ఐదు. తలనొప్పికి తల్లి ఇంట్లోనే ఏదో పట్టు వేసింది, ఆలస్యం చేసింది. అలా రాయి."

"సాబ్, ఆవిడే నడిపించుకొచ్చింది."

"పోయినామె పోయింది. నువ్వు నిజం రాస్తే లేచి వస్తుందా? నా అనుమతి లేకుండా ఇంజెక్షన్ ఇచ్చావు. అది కూడా రాయమంటావా?"

సుబేదార్ సాబ్ పెన్ను అందించాడు. "పిల్లలు చదువుకుంటున్నారు కదా" అన్నాడు మెల్లగా.

రాశాను. నా దస్తూరీ బాగుంటుంది. ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. కింద సంతకం పెట్టాను.

మూడో రోజు రత్నం భర్త వచ్చాడు. దహనం అయ్యాక విచారణ కాగితం చదివి వినిపించారు. నేను గుమ్మం పక్కన సావధాన్‌లో నిలబడి ఉన్నాను. అతను బయటికి వచ్చి అత్తగారి వైపు చూసి, "నువ్వే చంపుకున్నావు" అన్నాడు. అంతే. పిల్లని తన అక్క దగ్గరికి తీసుకుపోతున్నానని చెప్పాడు.

ఆ మధ్యాహ్నం ఆ తల్లి నా గదికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"బాబూ, మేం పదిగంటలకే ఒచ్చేం కదా. నువ్వే కదా దాని చేతికి బీపీ పట్టా కట్టేవు. అల్లుడితో ఒక్క మాట చెప్పు బాబూ. మనవరాల్ని ఒక్కసారి ఎత్తుకోనియ్యట్లేదు."

కొత్త రిజిస్టర్ తెరిచాను. ఆవిడకి చదువు రాదు. అయినా వేలు పెట్టి చూపించాను.

"ఇందులో పన్నెండు ఐదు అని ఉందమ్మా" అన్నాను.

ఆవిడ ఆ అక్షరాల వంక చాలాసేపు చూసింది. తర్వాత నా వంక చూసింది. "అవునా బాబూ. అయితే నాకే తెలీలేదేమో" అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ నన్ను నమ్మింది.

మూడేళ్ళకి పదవీ విరమణ తీసుకుని ఇంటికి వచ్చాను. ఊరివాళ్ళు దండ వేశారు. బడిలో పిల్లలకి యుద్ధం కబుర్లు చెప్పమన్నారు. మంచుకొండల గురించి చెప్పాను. చుట్టుపక్కల ఎవరైనా కడుపుతో ఉంటే బీపీ చూడటానికి పిలుస్తారు. వెళ్తాను. కొంచెం ఎక్కువ ఉన్నా సరే, ఆటో నేనే మాట్లాడి నేనే ఎక్కిస్తాను. దానివల్ల ఏదీ సరికాలేదు. మోవా వెళ్ళి ఆ తల్లికి నిజం చెప్పాలని రెండుసార్లు రైలు టికెట్ కొన్నాను. రెండుసార్లూ ఎక్కలేదు.

ఒక దృశ్యం మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు. రత్నం శవాన్ని మార్చురీలోకి మార్చేటప్పుడు కాళ్ళవైపు నేను పట్టుకున్నాను. భర్త వచ్చేదాకా చల్లటి పెట్టెలో ఉంచారు. అతను వచ్చి, ముఖం చూసి, తర్వాత కాళ్ళమీది గుడ్డ తొలగించాడు. నీరు పట్టి ఉబ్బిన ఎడమ పిక్క మీద నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు, గుంటలుగా అలాగే ఉండిపోయాయి. అతను ఆ గుంటల్లో తన వేళ్ళు ఒక్కొక్కటిగా పెట్టి చూశాడు. సరిపోలేదు. అతని చెయ్యి నా చేతికన్నా చిన్నది.

"ఎవరు సార్, ఇంత గట్టిగా పట్టుకున్నారు?" అని నన్నే అడిగాడు.

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.