పిలిస్తే పలకని పిల్ల

సముద్రం దాటి వచ్చిన వంశం, మృత్యువుతో ముఖాముఖి పోరు, ఒక తల్లి కన్నీళ్ళు, పొగ చిమ్మే రైలుబండి, అన్నీ ఉన్న మహాకావ్యం ఒకటి చెప్పబోతున్నాను. చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి.

కాదు. రాయడం మొదలుపెట్టాక చూసుకుంటే, ఇది రెండేళ్ళ పిల్లను డాక్టరుకు చూపించి తీసుకొచ్చిన సంగతి మాత్రమే. ఆ పిల్లకు నేను ఆయాను. అప్పుడు నాకు పదిహేడేళ్ళు, ఇప్పుడు ఇరవై ఒకటి. ఈ మధ్యకాలంలో తెలివి పెద్దగా పెరిగింది లేదు.

మా తాతలు ఓడెక్కి వచ్చిన ఈ దీవిలో, బెల్ ఎయిర్ రివియేర్ సెష్ అనే ఊరి దగ్గర చెరుకు తోటలున్న ఒక ఫ్రెంచి దొర ఇంట్లో నా పని. ఆ ఇంటి ముందుగదిలో ఒక ఫోటో ఉండేది. దొరగారి మొదటి కూతురు. మూడేళ్ళప్పుడు జ్వరంతో పోయింది. తర్వాత పుట్టిన రెండో కూతురికి దొర అదే పేరు పెట్టాడు. పోయిన బిడ్డ జ్ఞాపకంగా అలా పెట్టుకోవడం వాళ్ళలో ఉందట. పెట్టిన మనిషి పొద్దస్తమానం మిల్లులో ఉండేవాడు. ఆయన భార్య మదాం నోట ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. "పిల్లను తీసుకురా" అనేది, అంతే. తీసుకెళ్తే కాసేపు చూసి, "తీసుకుపో" అనేది.

ఈ సంగతి మా అమ్మమ్మకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"ఒలే, అదే పేరు మళ్ళీ పిలిస్తే ముందుపోయిన గుంట పలుకుతాది. తననే పిలిచారనుకుని వస్తాది. వచ్చినది ఉత్త చేతుల్తో ఎల్దు" అంది.

"వస్తే టీ పోద్దాంలేవే అమ్మమ్మా" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. ఆ మర్నాటి నుంచి ముందుగదిలో నేను ఫోటో ఉన్న పక్క కాకుండా రెండో పక్కనుంచి నడవడం మొదలుపెట్టాను. అటు గచ్చు జారుతుందని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

బిడ్డలు నిలవని ఇంట్లో మనవాళ్ళు ఏం చేస్తారో మీకు తెలుసు. పుట్టినదాన్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఆ కుప్ప పేరే పెడతారు. మృత్యువు వచ్చి చూసి, ఇది చెత్త అనుకుని తిరిగిపోవాలని. మృత్యువుకు చూపు తక్కువని మన నమ్మకం. ఒక మధ్యాహ్నం మదాం కునుకు తీస్తుండగా నేనూ ఆ పని చేశాను. వంటింటి వెనక చెరుకు ఆకులు ఊడ్చి పోసిన కుప్ప మీద పిల్లను పడుకోబెట్టాను. మృత్యువును మోసం చేసే ఆ ఘనమైన ఘడియలో పిల్ల ఒక ఎండుటాకు నమిలి దగ్గింది. పేరు చెప్పక్కర్లేదు. పెంటకుప్పలో సగం తీసుకుని చివర 'అమ్మ' తగిలించుకోండి. ఆ రోజునుంచి స్నానానికీ, పాలకూ, నిద్రకూ ఆ పేరుతోనే పిలిచాను. మదాం వినేంత దూరంలో మాత్రం నోరు మూసుకునేదాన్ని.

అయినా జ్వరం వచ్చింది. రోజు విడిచి రోజు, వణుకుతో. క్వినైన్ మొదలుపెట్టారు. నెలకొకసారి రైల్లో పోర్ట్ లూయిస్‌కు వెళ్ళి డాక్టరుకు చూపించాలి. పిల్ల ఒళ్ళో ఉన్నంతసేపూ నేను ఫస్టుక్లాసు మనిషిని.

డాక్టరు ముందు ఆయా పని ఏమిటంటే, బట్టలు విప్పడం, చేతులు పట్టుకోవడం, నోరు తెరిపించడం, మాట్లాడకపోవడం. జ్వరం ఏ రోజున వచ్చిందని డాక్టరు మదాంని అడిగేవాడు. మదాం నావైపు చూసేది. నేను ఆమె చెవిలో చెప్పేదాన్ని. ఆమె డాక్టరుకు చెప్పేది. మూడడుగుల దూరంలో కూర్చున్న మనిషికి నా మాట అంత చుట్టు తిరిగి చేరేది.

ఆ రోజు డాక్టరు పిల్ల కడుపు నొక్కి చూసి, "ఈ మందుతో కొందరికి చెవులు మందగిస్తాయి. చూద్దాం" అన్నాడు. పిల్ల వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. చప్పట్లు కొట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు. చదువుకున్నవాడు కదా, కాగితంలో చూసి పేరు పెట్టి పిలిచాడు.

పిల్ల కదల్లేదు. నా ఒళ్ళో కూర్చుని నా మెడలోని పూసలు లెక్కపెడుతున్నట్టు ఆడుకుంటోంది.

మళ్ళీ పిలిచాడు. మూడోసారి గట్టిగా పిలిచాడు. అప్పుడు నేను తలుపువైపు చూశాను. ఎందుకు చూశానో ఇప్పటికీ చెప్పలేను. తలుపు సగం తెరిచి ఉంది. అక్కడ ఎవరూ లేరు. ఎవరూ లేకపోవడం అంత స్పష్టంగా నేను ఇంకెప్పుడూ చూడలేదు. మదాం కూడా అటే చూస్తోంది.

"పెద్దది కూడా చివర్లో ఇలాగే," అంది ఆమె. "పిలిస్తే పలికేది కాదు."

"అయితే క్వినైన్ ఆపుదాం," డాక్టరు కలం తీశాడు. "ఒక నెల చూద్దాం."

పెద్దపిల్లకు కూడా మందు ఆపారని వంటమనిషి నాకు చెప్పింది. ఆ తర్వాత ఆ పిల్ల ఫోటోలో ఉంది.

నేను మదాం చెవివైపు వంగాను. ఈ మాట చుట్టు తిరిగి వెళ్ళేలోగా కలం కాగితం మీద ఆనుతుంది. పని పోతే మా ఇంట్లో ఏమంటారో కూడా ఆలోచించాను. తర్వాత పిల్ల తల మరోవైపు తిప్పి, వెనకనుంచి, ఎప్పుడూ పాలకు పిలిచే గొంతుతోనే, నేను పెట్టిన పేరుతో పిలిచాను.

పిల్ల ఎంత విసురుగా తిరిగిందంటే దాని నుదురు వచ్చి నా ముక్కుకు తగిలింది. రక్తం వచ్చింది. మృత్యువుతో పోరులో చిందిన నెత్తురు అదే, నా ముక్కుది.

"చెవులు బాగానే ఉన్నాయి డాక్టరు ముసియే," అన్నాను ముక్కు పట్టుకుని. "మీరు పిలిచింది దీన్ని కాదు."

మదాం కుర్చీ నావైపు తిప్పింది.

"ఆ మాటకు అర్థం ఏమిటి?" అంది మదాం.

"చెత్త పోసే చోటు, మదాం."

"నా బిడ్డకా?"

"ఎవరూ తీసుకుపోకుండా, మదాం."

డాక్టరు గొంతు సవరించుకుని, అప్పుడు చప్పట్లు కొట్టి చూశాడు. పిల్ల తిరిగి ఆయన్ను చూసి తనూ చప్పట్లు కొట్టింది. ఆయన కలం మూతపెట్టి, "మందు ఆపొద్దు" అన్నాడు.

తిరుగు రైల్లో మదాం కిటికీలోంచి చెరుకు చూస్తూ కూర్చుంది. పని ఊడుతుందని నిశ్చయించుకుని నేను ఫస్టుక్లాసు దిండును ఆఖరిసారి బాగా ఆనుకున్నాను.

మర్నాడు పొద్దున్న పాలు తీసుకువెళ్తే మదాం పిల్ల ఊయల దగ్గర ఉంది. నేను గుమ్మం బయటే ఆగిపోయాను. ఆమె ఆ పాత పేరు పిలిచింది, మెల్లగా. ఎవరూ పలకలేదు. చాలాసేపు ఆగింది. నేనూ ఆగాను. పాలు మీగడ కట్టాయి.

అప్పుడు నేను పెట్టిన పేరుతో పిలిచింది. ఒత్తులు లేవు, అచ్చులు సగం ముక్కులోంచి వచ్చాయి. అయినా పిల్ల పలికింది. మదాం ఊయల కమ్మీ మీద నుదురు ఆనించి అలాగే ఉండిపోయింది. నన్ను చూసి, "దీన్ని నువ్వే నిలబెట్టావు," అంది. "మందు ఎప్పుడివ్వాలో చెప్పు. నేనే ఇస్తాను."

చెప్పాను: క్వినైన్ పరగడుపున ఇవ్వకూడదు. ఏదైనా తిన్నాక, జామపండు మురబ్బాలో కలిపి, రోజుకు రెండుసార్లు.