తోక మీది అక్షరాలు, చాకలి పద్దు

గేటు దగ్గర సెక్యూరిటీ ఆఫీసరు నా నోటుబుక్కును మూడోసారి తిరగేస్తున్నాడు. ఒమాన్‌లోని ఆ రేవులోకి పోవాలంటే మెడలో పాస్ ఉండాలి. అది పోతే లాండ్రీలో నా డ్యూటీ పోయినట్టే. నా ఒక్కడి సంగతే అయితే అంత వణికేవాణ్ని కాదు. నా మాట మీదే కంపెనీ మా తమ్ముడికి వీసా తీస్తోంది. మెడికల్ పరీక్ష కోసం వాడు అప్పటికే హైదరాబాదులో దిగాడు.

ఆ వారం రేవుకు పెద్ద యుద్ధనౌక వచ్చింది, విమానాలను మోసుకు తిరిగేది. దాని మీది విమానాల దండునంతా కలిపి వింగ్ అంటారట. ఒక్కో వింగ్‌కు రెండు ఇంగ్లీషు అక్షరాలు గుర్తు. ఆ నౌక మీది ప్రతి విమానం తోకకూ అవే ఉంటాయి. ఆ నౌక నుంచి ఉతుకుకు మాకొచ్చే బట్టల మూటల మీదా అవే, పక్కన ఏ జట్టుదో నంబరు. నెల కిందట వచ్చిపోయిన ఇంకో నౌకవి వేరే అక్షరాలు. అవేమిటో ఇక్కడ రాయను. ఆ మాత్రం బుద్ధి ఇప్పుడొచ్చింది.

మాది చాకలి ఇల్లు. పద్దు రాయనిదే మూటను నీళ్లలో ముంచం. కంపెనీ స్లిప్పులిస్తుంది, నిజమే. స్లిప్పు తడిస్తే ఎవడు దిక్కు? అందుకే ఏ అక్షరాలు, ఏ జట్టు, ఎన్ని జతలు, నౌక ఏ రోజు వచ్చింది, ఏ రోజు పోయింది, అన్నీ గళ్లు గీసి రాసుకున్నాను.

"ఏంటిది?" అని ఆఫీసరు హిందీలో అడిగాడు.

"బట్టల లెక్క, సార్."

"బట్టల లెక్కకు నౌక పోయిన రోజెందుకు?"

నా వెనకే మా సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు, కాకినాడ వైపు మనిషి. ఆయన నా చెవి దగ్గరకొచ్చి, "నువ్వు మాట్లాడకు. నేను చూసుకుంటాను కదా," అన్నాడు. ఆఫీసరును పక్కకు పిలిచి చాలాసేపు నచ్చజెప్పాడు. ఆఫీసరు ఎవరికో ఫోన్ చేశాడు. ఆ పది నిమిషాలూ పాస్‌ను పిడికిట్లోనే పట్టుకుని నిలబడ్డాను.

చివరికి ఆఫీసరు ఆ కాగితాలు చింపి జేబులో పెట్టుకున్నాడు. "ఇకమీదట రాయకు. పో," అన్నాడు.

పోవాలా వద్దా? నాకు రోషమొచ్చింది. కాగితం చింపితే పద్దు తప్పే చాకలోణ్ననుకున్నాడా? నోటి దూల ఊరుకోనిస్తుందా!

"రాయకున్నా పర్వాలేదు సార్, నాకంతా నోటికొచ్చు," అన్నాను. అనడమే కాదు, రెండు నౌకల అక్షరాలు, జట్లు, జతలు, తేదీలు గడగడా ఒప్పజెప్పాను. సూపర్‌వైజరు నెత్తి పట్టుకున్నాడు. ఆఫీసరు చివరిదాకా నెమ్మదిగా విన్నాడు.

"కాగితమైతే చింపాను. నీ తలనేం చెయ్యను?" అని చెయ్యి చాపాడు. "పాస్ ఇవ్వు."

ఇచ్చాను.

సాయంత్రానికి కంపెనీ నాకు ఎగ్జిట్ రాసి ఊరికి పొమ్మంది, తమ్ముడి వీసా ఆపేసింది. రూమ్‌కొచ్చి ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే వాడు, "అన్నా, మెడికల్ పాసైన," అన్నాడు.

చెప్పాను.

"ఏం తప్పు జేసినవే?"

"పొమ్మన్నంక పోలేదురా," అన్నాను.