చచ్చిన రాక్షసుణ్ణి లేపని వీరుడు

కిరీటం పెట్టుకున్న ప్రతివాడూ వీరుడైతే మా వైపు వీరులకు కొదవే లేదు. డెబ్బైలలో రాయకోట చుట్టుపక్కల పల్లెల్లో వీధినాటకం ఆడితే, వీరుడి వేషం ఎప్పుడూ పెద్దరైతుల ఇంటివాళ్లదే. రాక్షస వేషం గొర్రెలు మేపుకునేవాళ్లది. ఒక ఏడు వీరుడు మా అక్కకు చూసిన పెళ్లికొడుకు, రాక్షసుడు గొర్రెలు మేపుకునే ఒక ముసలాయన. అందుకే నాయన మా అమ్మనూ మమ్మల్నీ వెంటబెట్టుకుని పెళ్లికొడుకు ఊరు వెళ్లాడు. నాటకం అయ్యాక తాంబూలాలు మార్చుకోవాలని మాట.

పెళ్లికొడుక్కి గద పట్టుకోవడం రాదు, మీసం దువ్వడం మాత్రం బాగా వచ్చు. నాయన ఆ మీసానికే మురిసిపోయాడు. వీరుడి అసలు రంగు రాక్షసుడు ఎదురుగా నిలబడ్డప్పుడు తెలియదు, పడిపోయాక తెలుస్తుంది.

పొద్దెక్కాక, కోత కోసిన రాగిచేలో రాక్షసవధ జరిగింది. ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. పడినవాడు శవం కిందే లెక్క. చంపినవాడు చెయ్యిచ్చి లేపి, నోట్లో నీళ్లు పోస్తేనే మళ్లీ మనిషి. అంతవరకూ కదలకూడదు. మన వీరుడు, హోసూరు నుంచి ఫొటోలు తీసేవాడు వచ్చాడని వినగానే ఆ ముసలాయన్ని దాటుకుని పరుగెత్తాడు. గదతో ఒక ఫొటో, మీసం మీద చెయ్యేసి ఒకటి, వాళ్లమ్మతో ఒకటి. జనం కూడా సిగ్గులేకుండా అటే ఎగబడ్డారు. రాగి మోళ్లు వీపున గుచ్చుకుంటున్నా, రంగు కారి కళ్లలో పడుతున్నా రాక్షసుడు అలాగే పడివున్నాడు.

అక్క చెంబుతో నీళ్లు తీసుకుని వెళ్లింది.

“లెయ్యప్పా, ఎండెక్కింది.”

“చంపినోడే లేపల్లమ్మా. నువ్వు చంపలేదు గదా, నేనెట్ల లేచేది?” అన్నాడాయన, కళ్లు తెరవకుండానే.

“ఆయప్ప వచ్చేలోపల నిజంగానే చస్తావు. లెయ్యి.”

చెయ్యి పట్టి లేపి నీళ్లు తాగించింది. వీరుడు కిరీటం సర్దుకుంటూ వచ్చాడు.

“ఏమి తొందర? ఫొటో అయిపోయినాక నేనే లేపుదును గదా!”

ఆ మొహంలో సిగ్గు మచ్చుకైనా లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. నాయన మాత్రం అక్కను పక్కకు పిలిచి నచ్చజెప్పబోయాడు.

“వేషంలో ఉండాడు గదమ్మా, మరిచిపోయినాడు.”

“రేపు నేను జరమొచ్చి పడుకున్నా ఇట్లే దాటుకొని పోతాడు నాయనా.”

పక్కనే ఉన్న అమ్మ తలెత్తి నాయన వైపు చూసింది. కిందటేడు ఆమె జ్వరంతో లేవలేక పడివుంటే ఆయన ఎడ్లు చూడాలని కల్లావి సంతకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాయన తాంబూలాల మాట ఎత్తలేదు.